పాత మోటారు సైకిలు: పెట్రోలు కారుట, ఇంజను అందుకొనకుండుట

ఒకప్పుడు ఎడ్లబండియు, కావడియు చేసిన పనులలో పెక్కు నేడు గ్రామములలో మోటారు సైకిలు మీదనే జరుగుచున్నవి. తెల్లవారుజామున పాలకేంద్రమునకు క్యానులు చేర్చుట, సంతకు కూరగాయల గంపలు తీసికొనిపోవుట, పొలమునకు ఎరువు బస్తా వేయుట, జ్వరము వచ్చిన బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేర్చుట మొదలగునవన్నియు దానిపై ఆధారపడి యున్నవి. అట్టి బండి ఒక ఉదయమున మొరాయించినచో ఆ కుటుంబమునకు ఆనాటి రాబడి పోయినట్లే.

ఈ బండ్లలో పాతవి తక్కువ కాదు. మైసూరులో 1961 మొదలు 1996 వరకు తయారైన జావా, యెజ్డీ బండ్లు, రాజ్‌దూత్, పాత బుల్లెట్టు, 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 మొదలగునవి నేటికిని పల్లెబాటలలో కానవచ్చుచునే యున్నవి. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చిన పిదప తయారైన బండ్లలో చాలవరకు పెట్రోలును విద్యుత్ సాధనమే కొలిచి ఇంజనులోనికి చిమ్ముచున్నది. అంతకు పూర్వపు బండ్లలో ఎక్కువవాటికి ఆ పని చేయునది కార్బురేటరు. ఈ వ్యాసము ఆ కార్బురేటరు బండ్లను గూర్చినది మాత్రమే.

పాత బండి గలవారు సాధారణముగా రెండు ఫిర్యాదులు చెప్పుదురు. పెట్రోలు కారుచున్నదని ఒకటి, పొద్దున ఇంజను అందుకొనుట లేదని మరియొకటి. మొదటిది స్వల్ప విషయమనియు, రెండవదే అసలు బాధ యనియు వారి అభిప్రాయము. "రాత్రి కొంచెము కారిన కారనిండు, పొద్దున నాలుగు కిక్కులు ఎక్కువ కొట్టిన సరిపోవును" అనుచుందురు. ఆ మాటలోనే రోగమేమో తెలియుచున్నది. పాత బండిలో ఈ రెండును తరచుగా ఒకే లోపమునకు రెండు గుర్తులు. కారు చోటును కనుగొన్నచో స్టార్టు కాకుండుటకు కారణము సగము కనుగొన్నట్లే. కనుగొనక కిక్కు కొట్టుచు పోయినచో కాలు నొచ్చును, పెట్రోలు వృథా యగును, ఒక్కొక్కప్పుడు ఇల్లు కూడ కాలును.

పెట్రోలు నడచు దారి

ట్యాంకులోని పెట్రోలు తన బరువు చేతనే క్రిందికి దిగును. మొదట కాక్ వచ్చును. దాని లోపల చిన్న జల్లెడ యుండును. అచ్చటినుండి రబ్బరు ట్యూబు ద్వారా కార్బురేటరు అడుగున నున్న గిన్నెలోనికి చేరును. ఈ గిన్నెలో ఫ్లోటు అను తేలెడి బుడ్డి కలదు. ఇంటిపై నీళ్ళ ట్యాంకులో బంతి కుళాయి ఎట్లు పనిచేయునో ఇదియు అట్లే పనిచేయును. పెట్రోలు నిండినకొలది ఫ్లోటు పైకి లేచి, తనపై ఆనియున్న నీడిల్‌ను రంధ్రములోనికి నెట్టి దారి మూయును. ఇంజను పెట్రోలును త్రాగగా ఫ్లోటు దిగును, దారి తెరుచుకొనును. బంతి కుళాయిలో ఇసుక రేణువు చిక్కినచో ట్యాంకు పొంగి గోడలు తడియునట్లే, నీడిల్ క్రింద నలుసు పడినచో గిన్నె పొంగును.

పొంగిన పెట్రోలు రెండు దారులలో పోవును. ఒకటి, గిన్నెకున్న ఓవర్‌ఫ్లో గొట్టము ద్వారా నేలపై పడుట. ఇది కంటికి కనిపించును. రెండవది, జెట్టుల గుండ ఇంజనులోనికే ప్రవేశించుట. ఇది కనిపించదు. పెట్రోలు చక్కగా మండుటకు దాని బరువునకు సుమారు 15 రెట్ల బరువుగల గాలి కలియవలెను. చల్లని ఇంజనునకు కొంత ఎక్కువ పెట్రోలు కావలెను. చోకు ఉన్నది అందుకొరకే. కాని ఇంజను లోపల పెట్రోలు నిలిచియున్నచో గాలికి తావుండదు, ప్లగ్గు తడిసిపోవును, నిప్పురవ్వ పుట్టినను అంటుకొనదు. కారుచున్న బండి పొద్దున అందుకొనకుండుటకు కారణ మిదియే.

కారిన పెట్రోలు ఎంత ప్రమాదకరమైనది

కిరోసిను వలె పెట్రోలును కొంత వేడి చేసినగాని అంటుకొనదని తలచుట పొరపాటు. గడ్డకట్టు చలికి ఇంకను ఎంతో దిగువన, అనగా సున్నకు 40 డిగ్రీలు తక్కువైన చల్లదనమునందు కూడ అది మండుటకు చాలినంత ఆవిరిని విడుచును. మన ఎండలలో చెప్పనక్కరలేదు. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. పొగవలె పైకి పోక నేలపై ప్రాకి, గడప దాటి, ప్రక్కగదిలోని పొయ్యిని చేరగలదు. గాలిలో నూటికి 1.4 పాళ్ళు కలిసినను మంట పుట్టుటకు చాలును.

ఒక చిన్న లెక్క చూడుడు. నిమిషమునకు ఒక మిల్లీలీటరు చొప్పున కారుటను ఎవరును పట్టించుకొనరు. రాత్రి 10 గంటలలో అది 600 మిల్లీలీటర్లగును. అదంతయు ఆవిరియైనచో 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల గదిలో నేలనుండి సుమారు 4 అడుగుల ఎత్తువరకు గాలిని మండు స్థితికి తేగలదు. దొంగల భయముచేత బండిని నడవలోను, వంటయింటి ప్రక్క వసారాలోను పెట్టుకొని తలుపులు మూసి పరుండు అలవాటు మన గ్రామములందు కలదు. వేకువజామున గృహిణి లేచి పొయ్యి వెలిగించును. ఇంతకంటె వివరింప నవసరము లేదు.

కావున పరీక్ష మొదలుపెట్టుటకు ముందే బండిని ఇంటినుండి బయటకు, గాలి ఆడు నీడపట్టునకు తీసికొనిపోవలెను. ఇంజను చల్లారవలెను. కాక్ మూయవలెను. చూడవచ్చినవారిలో బీడీ కాల్చువారిని దూరముగా నుంచవలెను. చీకటిలో అగ్గిపుల్ల గీచి ట్యాంకులోనికి తొంగిచూచుట వంటి సాహసము ఎన్నడును పనికిరాదు. చీకటి పడినచో ఆ పని మరునాటికి వాయిదా వేయుట మేలు. దగ్గర ఒక బకెట్టు ఇసుక యుండవలెను. మండు పెట్రోలుపై నీరు పోసినచో, పెట్రోలు నీటిపై తేలి మంటను మరికొంత దూరము మోసికొనిపోవును.

చుక్క ఎక్కడినుండి పడుచున్నది

చుక్క నేలను తాకిన చోటు చూచి లోపమును నిర్ణయింపరాదు. ట్యాంకు అతుకునుండి బయలుదేరిన పెట్రోలు ట్యూబు వెంబడి జారి కార్బురేటరు అడుగున వ్రేలాడును. దానిని చూచి కార్బురేటరు విప్పుదురు. పైనుండి క్రిందికి వెదకుటయే సరియైన పద్ధతి.

మొదట ట్యాంకు అడుగు, కాక్, ట్యూబు, కార్బురేటరులను పొడిగుడ్డతో శుభ్రముగా తుడువవలెను. కాక్ మూసియుంచి, బండి క్రింద పాత కాగితము పరచి పది నిమిషములు ఆగవలెను. కాక్ మూసియున్నప్పుడే తడి కనిపించినచో లోపము ట్యాంకులోనో, కాక్‌లోనో యున్నది. అప్పుడు కాక్ తెరచి మరల పది నిమిషములు చూడవలెను. ఇప్పుడు మాత్రమే తడి వచ్చినచో ట్యూబును, కార్బురేటరును చూడవలెను. తడి కనుగొనుట కష్టమైనచో అనుమానమున్న చోట సుద్దముక్క రుద్దినయెడల, తడిసినచోట సుద్ద నల్లబడి జాడ చూపును. చాలకాలముగా కారుచున్న చోట పెట్రోలు ఆరిపోగా మిగిలిన జిగురు పసుపు, గోధుమ రంగుల మరకగా కట్టియుండును. ఆ మరకలో అన్నిటికంటె పైనున్న అంచే మూలము.

ట్యాంకు అడుగున నీరు నిలిచి తుప్పు పట్టి సూదిమొనంత రంధ్రము పడుట పాత బండ్లలో సామాన్యము. దానిపై బట్టల సబ్బు రుద్ది పూడ్చుట మన పల్లెలలో అందరెరిగిన ఉపాయము. సబ్బు పెట్రోలులో కరుగదు గనుక ఆ ఉపాయము కొంతసేపు పనిచేయును కూడ. మెకానిక్కు వచ్చువరకు సరే, అంతకు మించి దానిని నమ్మరాదు. ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసి యున్నది. ట్యాంకును ఖాళీ చేసితిమి గదా యని వెల్డింగుకు ఇచ్చుట ప్రాణాపాయము. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి గాలితో కలిసి బాంబు వలె ప్రేలగలదు. దానిని కడిగి, ఆవిరిని పూర్తిగా పోగొట్టి అతుకు పెట్టు పద్ధతి తెలిసినవారు చేయవలసిన పని యది. తెలియని చోట ట్యాంకు మార్చుటయే చవుక.

కాక్ మూసినను క్రిందికి పెట్రోలు దిగుచున్నచో లోపలి రబ్బరు వాషరు అరిగినదని అర్థము. చాలమంది కాక్ మూయుట మరచియే పోయినారు. వారి బండ్లలో ఈ వాషరు ఎప్పుడు చెడినదో వారికే తెలియదు. రాత్రి బండి నిలిపినప్పుడు కాక్ మూయు అలవాటున్నవానికి నీడిల్ చెడినను గిన్నెలోని కొద్దిపాటి పెట్రోలు మాత్రమే పోవును. అలవాటు లేనివానికి ట్యాంకు పోవును.

ట్యూబు గట్టిపడి కొనల వద్ద పగిలినచో, పొడవు చాలునట్లయిన కొన కొంత కత్తిరించి బిగింపవచ్చును. అది తాత్కాలికమే. 2023లో మన దేశమున 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు విక్రయము ప్రారంభమై క్రమముగా అంతటను వ్యాపించినది. ఆ మిశ్రమమును దృష్టిలో నుంచుకొని పాత బండ్ల రబ్బరు తయారు కాలేదు. అందువలన పాత ట్యూబులు, వాషర్లు, గిన్నె ప్యాకింగులు త్వరగా ఉబ్బుట, గట్టిపడుట, బీటలు వారుట జరుగవచ్చును. మార్చునప్పుడు క్రొత్త పెట్రోలుకు తగిన ట్యూబునే అడిగి కొనవలెను. తాపీమేస్త్రీలు మట్టము చూచుటకు వాడు తెల్లని ప్లాస్టిక్ గొట్టము చవుకగా దొరకును గాని, పెట్రోలు తగిలి కొలదికాలములోనే కర్రవలె బిగుసుకొని జారిపోవును.

ఇక ఓవర్‌ఫ్లో గొట్టమునుండి కారుటను చూతము. బండి ప్రక్కస్టాండుపై వాలియున్నప్పుడు గిన్నెయు వాలును. అప్పుడు లోపము లేకపోయినను కొన్ని బండ్లలో చుక్కలు పడును. కావున నడిమి స్టాండుపై నిలిపియే చూడవలెను. అప్పటికిని కారినచో కాక్ మూసి, స్క్రూడ్రైవరు పిడితో గిన్నెపై మెల్లగా రెండు మూడు దెబ్బలు తట్టి మరల తెరువవలెను. నలుసు చిక్కియున్నచో తరచు దీనితోనే వదలును. ఆగినది గదా యని విడిచిపెట్టరాదు. నలుసు వచ్చినది ట్యాంకులోని తుప్పునుండి. ఒకటి వచ్చిన దారిని మరియొకటి రాగలదు. కాక్ జల్లెడను తీసి శుభ్రపరచవలెను.

తట్టినను ఆగనిచో గిన్నె విప్పవలెను. నీడిల్ మొనపై ఉంగరమువలె గీత పడియున్నచో అది అరిగినది, మార్చవలెను. ఉప్పుకాగితముతో రుద్ది సరిచేయబోవువారు కలరు. దానివలన మొన ఆకారము చెడి ఇంకను ఎక్కువగా కారును. ఫ్లోటును చెవివద్ద ఊపి చూడవలెను. లోపల పెట్రోలు కదలు శబ్దము వచ్చినచో అది చిల్లిపడి బరువెక్కినది, పైకి లేవదు. నిప్పుకు దూరముగా వేడినీళ్ళలో ముంచినచో చిల్లినుండి బుడగలు వచ్చును. లోపల పెట్రోలున్న ఇత్తడి ఫ్లోటునకు మాటు పెట్టించుట ట్యాంకు వెల్డింగు వంటిదే. క్రొత్తది కొనుడు.

బయట చుక్క లేకయే ట్యాంకులో పెట్రోలు తగ్గుచున్నదా? నాలుగు స్ట్రోకుల బండి యైనచో ఇంజను ఆయిలు చూడవలెను. మట్టము పెరిగి, పలుచబడి, పెట్రోలు వాసన వచ్చినయెడల నీడిల్ దాటిన పెట్రోలు లోనికి దిగుచున్నదని అర్థము. ఆ ఆయిలుతో బండి నడిపినచో బేరింగులు, పిస్టను పాడగును. ఆయిలు మార్చి, నీడిల్ సరిచేసిన పిదపనే స్టార్టు చేయవలెను.

ప్లగ్గు చెప్పు సాక్ష్యము

కారుట ఆపినను ఇంజను అందుకొననిచో ఊహలు మాని ప్లగ్గు నడుగవలెను. అయిదారు కిక్కులు కొట్టి, కాక్ మూసి, ప్లగ్గు విప్పి చూడుడు. అది తడిగా నున్నచో పెట్రోలు వచ్చుచున్నది, మండుట లేదు. పొడిగా నున్నచో పెట్రోలే రాలేదు. ఈ ఒక్క చూపు సగము శ్రమ తప్పించును.

తడిసిన ప్లగ్గును తుడిచి ఆరబెట్టి మరల బిగించి, కాక్ మూసి, చోకు తీసి, యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పిపట్టి పది పండ్రెండు కిక్కులు కొట్టినచో లోపల నిలిచిన పెట్రోలు గాలితో పాటు బయటకు పోవును. ఎక్కువ సందర్భములలో ఈ దశలోనే ఇంజను అందుకొనును. బుల్లెట్టు, జావా వంటి పాత బండ్ల కార్బురేటరుపై పెట్రోలు పొంగించుటకు చిన్న మీట యుండును. అది చలి ఉదయముల కొరకు ఏర్పరచినది. వేడిగా నున్న ఇంజనుపై దానిని నొక్కి ప్లగ్గు తడిపి, బండి చెడిపోయినదని మెకానిక్కును పిలుచువారిని పలుచోట్ల చూచుచున్నాము.

నిప్పురవ్వ పరీక్షలో ఒక జాగ్రత్త అవసరము. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రము ప్రక్కనే పట్టుకొని కిక్కు కొట్టుట వాడుకలో నున్నది. రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి వెలువడుచుండగా దానిప్రక్కనే నిప్పురవ్వ పుట్టించుట ఎంతమాత్రము మంచిది కాదు. పాత ప్లగ్గును రంధ్రములోనే బిగించి యుంచి, మరియొక మంచి ప్లగ్గును వైరునకు తగిలించి, తడి లేని చోట ఇంజను లోహమునకు ఆనించి చూడవలెను. నీలివన్నెతో చిటుక్కుమను రవ్వ మంచిది. పసుపువన్నె సన్నని రవ్వ బలహీనమైనది. రవ్వ మంచిదై పాత ప్లగ్గుతో ఇంజను అందుకొననిచో లోపము ఆ ప్లగ్గుదే. రవ్వయే లేనిచో వైరు, ప్లగ్గు టోపీ, కాయిలు చూడవలెను. పాయింట్లు గల బండిలో వాటిపై నూనె, మసి తుడిచి ఎడము సరిచూడవలెను. బుల్లెట్టునకు అది 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు. పాయింట్లు మాటిమాటికి కాలుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను.

ప్లగ్గు పొడిగా నున్నచో దారి వేరు. మొదట ట్యాంకు మూత తీయుడు. "సుయ్" మని గాలి లోనికి పోయిన శబ్దము వచ్చినచో మూతలోని గాలిరంధ్రము మూసికొనిపోయినది. గాలి లోనికి రానిదే పెట్రోలు క్రిందికి దిగదు. కొన్ని మైళ్ళు నడిచి ఆగిపోయి, కొంతసేపు నిలిపిన పిదప తిరిగి స్టార్టగు బండి రోగము తరచు ఇదియే. సన్నని పుల్లతో ఆ రంధ్రము శుభ్రపరచిన చాలును. తరువాత కాక్ జల్లెడ చూడవలెను. అటుపై గిన్నెలోని పెట్రోలును ఒక గాజు గ్లాసులో పట్టి చూడవలెను. అడుగున పూసలవలె వేరుగా నిలిచినది నీరు. ఇథనాలు కలిసిన పెట్రోలు గాలిలోని తేమను కూడ పీల్చును. తేమ మితిమీరినచో ఇథనాలు నీటితో కలిసి అడుగునకు విడిపోవును. వర్షకాలమంతయు కదలక చావడిలో నిలిచిన బండికి ఇది ముఖ్యముగా వర్తించును. ఆ పెట్రోలును పూర్తిగా తీసివేసి క్రొత్తది పోయవలెను.

చోకు వేసినప్పుడు నడిచి, తీయగానే ఆగిపోవు బండిలో చిన్న జెట్టు మూసికొనిపోయి యుండును, లేదా కార్బురేటరు, ఇంజను కలియు చోట ప్యాకింగు వదులై గాలి దూరుచుండును. జెట్టులో ఇనుపతీగ దూర్చుట తగదు. రంధ్రము ఏమాత్రము పెద్దదైనను ఆ బండి ఎల్లకాలము ఎక్కువ పెట్రోలు త్రాగును. పంక్చరు షాపులోని గాలితో ఊదించుట సులభము.

నెట్టి స్టార్టు చేయుటను గూర్చి కూడ ఒక మాట. పదిమంది నెట్టినచో ఏ బండియైనను ఒక్కొక్కసారి అందుకొనును. లోపము మాత్రము అట్లే యుండి, నెట్టువారు లేనిచోట మరల బయటపడును.

పంచాయతీ చేయదగిన పని

ఇది ఇంటింటి సొంత వ్యవహారమని సభ్యులు తలపరాదు. ఒక యింట పుట్టిన మంట కప్పునుండి కప్పునకు పోవుట పల్లెలలో అందరెరిగినదే. గ్రామములోనో, మండల కేంద్రములోనో అనుభవముగల మెకానిక్కును పిలిపించి, పంచాయతీ కార్యాలయము ముందు ఒక పాత బండిపై పైన చెప్పిన పరీక్షలు ఒక గంట చేసి చూపించినచో పదిమందికి ఉపకరించును. స్త్రీలను కూడ పిలువవలెను. ఇంట్లో పెట్రోలు వాసన మొదట పసిగట్టునది వారే. వాసన వచ్చినచో పొయ్యి వెలిగింపక, విద్యుత్ స్విచ్చి తాకక, తలుపులు తెరచి బండిని బయటకు త్రోయవలెనని ప్రతి ఇంటికి తెలియవలెను. బాగుగా కారుచున్న బండిని మెకానిక్కు వద్దకు నడుపుకొనిపోరాదు. దాని సైలెన్సరు వేడి చాలు నిప్పునకు. చల్లార్చి, పెట్రోలు తీసి, ట్రాలీ ఆటోలో పంపవలెను.

తీసిన పెట్రోలును మురుగు కాలువలో పోయుట గాని, నీళ్ళ సీసాలో పోసి వంటయింటి గూటిలో దాచుట గాని కూడదు. 1934 నాటి పెట్రోలియం చట్టము ప్రకారము అమ్మకమునకు గాక సొంతమునకైనచో లైసెన్సు లేకుండ 30 లీటర్లకు మించకుండ ఉంచుకొనవచ్చును. అది కూడ గట్టి మూతగల పాత్రలోనే యుండవలెను. గాజు లేక పింగాణి పాత్ర యైనచో లీటరుకు, లోహపు పాత్ర యైనచో 25 లీటర్లకు మించరాదు. కిరాణా కొట్టు ముందు సీసాలలో పెట్రోలు వ్రేలాడదీసి అమ్ముటకు ఆ మినహాయింపు వర్తింపదు. అట్టి కొట్టు మీ వార్డులో నున్నచో అది బడికిని, గడ్డివాములకును ఎంత దూరములో నున్నదో సభ్యులు స్వయముగా పోయి చూచి, పంచాయతీ కార్యదర్శికి వ్రాతమూలకముగా తెలియజేయవలెను.